మాట ఎత్తితే వచ్చే మనిషి

మా బావ మాట ఎక్కడ ఎత్తితే అక్కడికి వచ్చేసేవాడు. మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే, అందరం నవ్వుకునే సంగతే. అమ్మ పోపు వేయిస్తూ "అల్లుడు ఈమజ్జిన కనిపించడం లేదేటి" అనేది. ఆవాలు చిటపటలాడడం ఆగేలోపు వీధిలో మోటారు సైకిలు స్టాండు వేసిన చప్పుడయ్యేది. నా పెళ్ళిచూపుల్లో మగపెళ్ళివారు "మీ పెద్దల్లుడు రాలేదా?" అని అడిగారు. నాన్న జవాబు చెప్పబోతూ గుమ్మం వైపు చూస్తే ఆయన అక్కడ చెప్పులు విడుస్తున్నాడు.

"నీకు నూరేళ్ళు బావా" అనేదాన్ని నేను.

"మీ అప్పతో నూరేళ్ళే? కొంచెం తగ్గించీయే మరదలా" అనేవాడు. అప్ప వంటింట్లోంచి గరిటె ఊపి చూపించేది.

అప్ప అంటే మా అక్క. మా వైపు అలాగే పిలుస్తాం. ఆమెని ఇచ్చిన ఊరు అనకాపల్లి నుంచి మాడుగుల వెళ్ళే దారిలో ఉంది. బస్సు దిగి చెరుకు తోటల మధ్య కాస్త నడవాలి. బావకి చెరుకూ వరీ ఉండేవి. బెల్లం వండే రోజుల్లో ఆయన చొక్కా, జుట్టు, బండి సీటు కూడా పాకం వాసన వేసేవి. అప్ప ఇంట్లో మిషను పెట్టుకుని ఊళ్ళో ఆడవాళ్ళకి జాకెట్లు కుట్టేది. వాళ్ళకి పిల్లలు లేరు. ఆ విషయం వాళ్ళు ఎప్పుడూ మా ముందు మాట్లాడలేదు, మేమూ అడగలేదు.

నేను ఉండేది అనకాపల్లి గవరపాలెంలో. మెయిన్ రోడ్డులో స్టీలు సామాన్ల కొట్టు మీద మేడలో ఒక స్పోకెన్ ఇంగ్లిష్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. అందులో పాఠాలు చెబుతాను. కంపెనీ ఉద్యోగాలకి ఇంటర్వ్యూలకి వెళ్ళే కుర్రవాళ్ళు, నర్సింగు చదివే ఆడపిల్లలు, పిల్లల స్కూల్లో టీచరుతో మాట్లాడడానికి భయపడే తల్లులు నా దగ్గరికి వస్తారు.

తుఫాను వానలు పడుతున్న రోజుల్లో బావ మాడుగుల వైపు వెళ్ళాడు. చెరుకు కోతలకి కొండ మీది ఊళ్ళ నుంచి మనుషులు రావాలి. ముందుగా వెళ్ళి మాట్లాడుకోకపోతే వేరే రైతులు తీసుకుపోతారు. "ఈ వానలో ఎందుకు?" అని అప్ప అడిగితే, "వానలో అయితే అందరూ ఇళ్ళలో దొరుకుతారు" అన్నాడట. వచ్చేటప్పుడు హల్వా తెస్తానన్నాడట. సాయంత్రం అయింది, చీకటి పడింది, తెల్లారింది. ఆయన రాలేదు.

పొద్దున్న పాలకి వెళ్ళినవాళ్ళు వచ్చి చెప్పారు. కొండ మీంచి దిగే వాగుకి, మా వైపు గెడ్డ అంటాం, అడ్డంగా, రోడ్డు ఎత్తులోనే ఒక సిమెంటు దారి ఉంది. మామూలు రోజుల్లో దాని కింద తూముల్లోంచి చిన్న వాగు పారుతుంది, వానలకి పైనుంచి పొర్లుతుంది. దాని పక్కన బావ బండి ఉంది. అది పడిపోయి లేదు, కొట్టుకుపోయి లేదు. ఒక చింతచెట్టు కింద స్టాండు వేసి, జాగ్రత్తగా ఉంది. తాళంచెవి బండికే ఉంది. హ్యాండిలుకి తగిలించిన సంచిలో హల్వా పొట్లం తడిసి ఉంది. ఆయన లేడు. ఆయన వేసుకెళ్ళిన పసుపు రెయిన్‌కోటు లేదు.

బండి ఉన్నది మా వైపు ఒడ్డున. అంటే ఆయన గెడ్డ దాటి వచ్చేశాడు. దాటి, బండి ఆపి, దిగాడు. తర్వాత ఏమైందో ఎవరికీ తెలియలేదు.

పోలీసులు వచ్చారు. ఫైరువాళ్ళు తాళ్ళు కట్టుకుని గెడ్డలో దిగారు. గెడ్డ శారదా నదిలో కలుస్తుంది, శారద సముద్రానికి పోతుంది. ఒడ్డు పొడవునా ఊళ్ళవాళ్ళకి చెప్పి పెట్టారు. ఏమీ దొరకలేదు. తర్వాత జనం నోళ్ళు మొదలయ్యాయి. ఎవరితోనో వెళ్ళిపోయాడన్నారు. పిల్లలు లేరని విరక్తి పుట్టి సన్యాసుల్లో కలిశాడన్నారు. ఆ చింతచెట్టు మంచిది కాదన్నారు. ఒక్కో మాటా తిరిగి తిరిగి అప్ప చెవిన పడేది. ఆమె జాకెట్టు కొలత తీసుకుంటూనే వినేది.

పెద్దవాళ్ళు కొన్నాళ్ళు చూసి, దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపించేద్దామన్నారు. అప్ప ఒప్పుకోలేదు.

"బండి ఈ ఒడ్డునుంది. ఈ ఒడ్డుకొచ్చేసినోడు ఏట్లో ఎలాగ పోతాడో మీరే సెప్పండి" అంది. ఆమె బొట్టు తీయలేదు, మంగళసూత్రం తీయలేదు.

నేను శనివారం క్లాసు అవగానే బస్సెక్కి ఆమె దగ్గరికి వెళ్ళి, ఆదివారం ఉండి వచ్చేదాన్ని. మా ఆయన కూడా వెళ్ళమనేవాడు. మొదట్లో మేమిద్దరం బావ గురించి మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఆమె మిషను తొక్కేది, నేను కాజాలు కుట్టేదాన్ని. మధ్యాహ్నం పూట వీధిలో బండి చప్పుడయితే ఇద్దరం ఒకేసారి తలెత్తి, ఒకరినొకరు చూసుకోకుండా మళ్ళీ దించుకునేవాళ్ళం.

ఒక శనివారం క్లాసులో ఇడియమ్స్ పాఠం వచ్చింది. పుస్తకంలో ఆ వరసలో ఉన్నది స్పీక్ ఆఫ్ ద డెవిల్. చాలామందికి చాలాసార్లు చెప్పిన పాఠమే. బోర్డు మీద రాసి మామూలుగా మొదలుపెట్టాను.

"నలుగురు కూర్చుని ఒక మనిషి గురించి మాట్లాడుకుంటుంటారు. సరిగ్గా అప్పుడే ఆ మనిషి తలుపు తోసుకుని వస్తాడు. అప్పుడు ఇంగ్లీషువాళ్ళు ఈ మాట అంటారు. సైతాను మాట ఎత్తాం, ఇదిగో వచ్చాడు అని. తిట్టు కాదు, సరదా. వచ్చినవాడు మంచివాడైనా అనొచ్చు, అతని గురించి మంచిగా చెప్పుకుంటున్నా అనొచ్చు. అయితే స్నేహితుల మధ్యే అనాలి. మీ మేనేజరు గదిలోకి వస్తే నవ్వుతూ ఈ మాటనకండి. ఉద్యోగం పోతుంది."

అందరూ నవ్వారు. నర్సింగు అమ్మాయి ఒకతె లేచింది. "మేడం, మనం నూరేళ్ళాయుష్షు అంటాం కదా. ఆళ్ళు దెయ్యమంటారేటి?"

ఒకప్పుడు వాళ్ళకి నిజంగానే భయముండేదని చెప్పాను. సైతాను పేరెత్తితే వినిపించుకుంటాడని, పిలిచినట్టే లెక్కని నమ్మేవారు. మాట పూర్తిగా చెబితే వెనకాల ఇంకో సగం ఉంటుంది, అతను ప్రత్యక్షమవుతాడని. వాడగా వాడగా ఆ సగం రాలిపోయింది. భయం అరిగిపోయి సరదా మిగిలింది.

"మా ఊళ్ళో చీకటి పడ్డాక పాముని పాము అనరు మేడం, పురుగంటారు" అన్నాడు వెనక బెంచీ కుర్రవాడు. "పేరెత్తితే వత్తాదంటారు."

అదే ఇది, అన్నాను. తర్వాత వాడుక గురించి చెప్పవలసిన చివరి సంగతి చెప్పాను. ఈ మాట ముందుగా అనడానికి లేదు. మనిషి గుమ్మంలో కనిపించాకే అనాలి. రాని మనిషిని గురించి ఈ మాట వాడరు.

ఆ వాక్యం నా నోట్లోంచి వచ్చాక నాకు తర్వాతిది తోచలేదు. చాక్‌పీసు పట్టుకుని నిలబడిపోయాను. క్లాసు అయిపోయిందనుకుని పిల్లలు లేచారు.

ఆ సాయంత్రం అప్ప అరుగు మీద కూర్చుని పాత బట్టల కుట్లు విప్పుతోంది. "ఏటే, ఇయ్యాల ఏటి పాఠం సెప్పేవు?" అంది. ప్రతివారం అడిగేది, ఏదో ఒకటి చెప్పేదాన్ని. ఆ రోజు వేరే మాట తోచక ఉన్నదే చెప్పాను. ఆమె బ్లేడు పక్కన పెట్టింది.

"అయితే ఇంగిలీసోళ్ళకీ ఉన్నాదన్నమాట ఇది."

"ఏది?"

"మాటెత్తితే వచ్చీడం."

"అది ఉత్త మాట అప్పా. సామెత లాంటిది."

"ఉత్త మాటైతే మనకీ ఆళ్ళకీ ఒకటే ఎలాగుంటాది? మనూరోడు ఎల్లి ఆళ్ళకి సెప్పేడా?" అంది. కాసేపు గేటు వైపు చూసింది. "మనం మాటెత్తడం మానేసేం సూడు. ఆయన ఎల్లిన కాడ్నుంచి ఈ ఇంట్లో ఎవులూ ఆయన మాట తియ్యలేదు. నువ్వూ తియ్యలేదు, నానూ తియ్యలేదు."

ఆ రోజు నుంచే మొదలుపెట్టింది.

దీపాలు పెట్టే వేళకి మొహం కడుక్కుని అరుగు మీద కూర్చునేది. నాతో మాట్లాడుతున్నట్టే మాట్లాడేది. నేను లేని రోజుల్లో కూడా అలాగే మాట్లాడుతుందని పక్కింటి మామ్మ చెప్పింది. ఏడుపూ కాదు, పిలుపూ కాదు. మామూలు కబుర్లు. మీ బావకి వంకాయ పచ్చిపులుసంటే ఇష్టం, అందులో వెల్లుల్లి పడకూడదు. మీ బావ సినిమాలో నిద్రపోతాడు, ఇంటర్వెల్‌లో లేపితే కథంతా నాకే చెబుతాడు. నూకాలమ్మ జాతరలో నేను తప్పిపోతే తనే వెతికి వెతికి దొరకబుచ్చుకున్నానని ఇప్పటికీ అందరికీ చెబుతాడు, తప్పిపోయింది తనే. అన్నీ జరుగుతున్నట్టే చెప్పేది. ఇష్టం, నిద్రపోతాడు, చెబుతాడు.

చెబుతూండగా ఎవరో ఒకరు వచ్చేవారు. మొదటి సాయంత్రం పిల్లి వచ్చింది. ఇంకో సాయంత్రం మీటరు చూసే మనిషి, వేళ కాని వేళ. ఒకసారి ఊరికి కొత్తదానిలా ఒక ఆవు వచ్చి గేటు కొమ్ముతో నెట్టి, మమ్మల్ని చూసి వెళ్ళిపోయింది. ఊళ్ళో సందేళ ఎవరో ఒకరు రావడం వింత కాదు. కానీ గేటు గొళ్ళెం చప్పుడయిన ప్రతిసారీ అప్ప మాట మధ్యలో ఆగి, పమిట సర్దుకునేది. నేను గేటు వైపు తల తిప్పేదాన్ని కాదు. ఎవరొచ్చారని కాదు నా భయం. ఆయనే వస్తే ఎలా ఉంటాడో అని.

పక్కింటి మామ్మ ఒక రోజు నన్ను పెరట్లోకి పిలిచింది.

"మీ అప్పకి సెప్పమ్మా. సందేళ అలాగ మాటాడకూడదు."

"ఆయన బతికే ఉన్నాడని అనుకుంటోంది మామ్మా. మాట్లాడనీ."

"బతికున్నోడైతే పరవాలేదు. కాకపోతే?" మామ్మ గొంతు తగ్గించింది. "పిలిసినోడు రాలేకపోతే, ఆడి యేసం ఏసుకుని ఇంకోటొత్తాది."

ఆ వీధిలో ఆడవాళ్ళు దీపాల వేళకి మా అప్ప ఇంటి ముందు నుంచి వెళ్ళడం తగ్గించారు. జాకెట్లు ఇవ్వడానికి పొద్దున్నే వచ్చేవారు.

ఒకసారి అన్నం తింటూ నాకు పొలమారింది. అప్ప నా నెత్తి మీద తట్టి, నీళ్ళిచ్చి, "ఎవులో తలుసుకుంతన్నారు" అంది. వెంటనే ఆమె మొహం మారింది. "నాను రోజూ ఇంత తలుసుకుంతన్నాను కదే. ఆయనకెంత పొలమారతందో. పక్కన నీళ్ళిచ్చే మనిషైనా ఉన్నారో లేరో" అంది.

నా చేతిలో గ్లాసు ఉంది. గొంతుకి నీళ్ళు అడ్డం పడి ఊపిరాడని మనిషి నా కళ్ళ ముందుకొచ్చాడు. ఆ నీళ్ళు నేను తాగలేకపోయాను. అప్ప చూడకుండా పెరట్లో పారబోశాను.

ఆ భయం నాతో అనకాపల్లికి కూడా వచ్చేసింది. క్లాసులో ఆలస్యంగా వచ్చిన పిల్లలు తలుపు తోస్తే ఉలిక్కిపడేదాన్ని. మెయిన్ రోడ్డులో జనంలో పసుపు రంగు రెయిన్‌కోటు కనిపిస్తే, ఆ మనిషి మొహం తిప్పేదాకా కదలలేకపోయేదాన్ని. మా ఆయన ఏదో మాటల్లో "మీ బావ ఉంటేనా" అనబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపేశాను.

మళ్ళీ వానాకాలం వచ్చింది. ఒక శనివారం నేను వెళ్ళేసరికి ముసురు పట్టింది. కరెంటు లేదు. అప్ప లాంతరు వెలిగించి అరుగు మీద పెట్టింది. ఆ రోజు రెయిన్‌కోటు కబురు చెబుతోంది.

"అనకాపల్లిలో కొన్నాడు. కొన్న రోజే తుమ్మకంపకి తగిలించుకుని బుజం కాడ సింపేసుకున్నాడు. కొట్టోడికి ఇచ్చేసి వేరేది తెమ్మంటే, సింపింది నానైతే ఆడి మీదెందుకు పెట్టడం అంటాడు. నీలం టార్పాలిన్ ముక్క పెట్టి కుట్టేను. పసుపు మీద నీలం ఏటే బాబూ, నన్ను సూసి కాకులు బెదురుతాయి అని..."

గేటు గొళ్ళెం చప్పుడయింది.

పసుపు రెయిన్‌కోటు వేసుకున్న మనిషి లోపలికి వచ్చాడు. టోపీ కళ్ళ మీదకి ఉంది. ఎడమ భుజం మీద నీలం ముక్క. లాంతరు వెలుతురు దాని మీద పడి, చుట్టూ కుట్టిన తెల్లదారం కూడా కనిపించింది.

లేవాలనుకున్నాను, లేవలేకపోయాను. గోడ అవతల పక్కింటి మామ్మ తలుపు ధడాలున మూసుకుంది.

అప్ప లేచి నిలబడింది. అరవలేదు, పరుగెత్తలేదు. ఎన్నో ఏళ్ళుగా రోజూ అన్నట్టే, "వచ్చేరా? కాళ్ళు కడుక్కోండి, నీళ్ళు తొట్లో ఉన్నాయి" అంది.

ఆ మనిషి అక్కడే ఆగిపోయాడు. మెల్లగా టోపీ వెనక్కి తీశాడు. నల్లటి, కోల మొహం. చిన్న వయసు. మేమెప్పుడూ చూడని మనిషి.

"అమ్మా, బాబు ఇంటికాడ ఉన్నారేటమ్మా?" అన్నాడు. "ఈ కోటు ఇచ్చీడానికి వచ్చేం."

అప్ప అలాగే నిలబడి ఉంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. గేటు బయట ఒక ఆడమనిషి, చంకలో పిల్లతో, చీర కొంగు పిల్ల మీద కప్పి నిలబడి ఉందని అప్పుడు చూశాను.

"ఎవరు మీరు?" అన్నాను.

వాళ్ళది కొండ మీది ఊరు. అతను రెయిన్‌కోటు విప్పి, నీళ్ళు దులిపి, మడతపెట్టి రెండు చేతులతో పట్టుకుని చెప్పాడు. నిరుడు తుఫాను వానల్లో కింద ఆసుపత్రిలో భార్యకి కానుపయింది. పసిపిల్లతో ఇంటికి వెళ్తూ గెడ్డ దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు దారి మీదుగా పొర్లుతున్నాయి. దాటడానికి భయపడి నిలబడిపోయారు. అప్పుడే అవతల నుంచి ఒక బండి నీళ్ళు చిమ్ముకుంటూ ఇవతలికి వచ్చింది.

"మమ్మల్ని దాటి ఎల్లిపోయి, మల్లీ ఆగేడమ్మా. బండి సెట్టు కింద ఎట్టేసి వచ్చేడు. ఈ కోటిప్పి పాపకి సుట్టేడు. పాపని ఆయనే ఎత్తుకున్నాడు. నా సెయ్యి ఆయన పట్టుకున్నాడు, దీని సెయ్యి నాను పట్టుకున్నాను. నీళ్ళు మోకాల్దాకా లేవు. అలాగే అవతలికి తీసుకెల్లిపోనాడు."

"తరవాత?" అంది అప్ప. అతను టోపీ తీశాక ఆమె అన్న మొదటి మాట అది.

"కోటు తీసుకోమంటే, పాప తడిసిపోద్ది, ఉంచు అన్నాడు. కోతలకొచ్చినప్పుడు ఇయ్యి అని ఊరి పేరు సెప్పేడు. ఆన జోరయింది. బాబూ, మా సుట్టాలిల్లు ఇక్కడే ఉంది, నీళ్ళు తగ్గేదాకా ఆగు అన్నాను నాను. ఆగలేదు."

"ఎందుకాగలేదు?"

అతను కొంచెం నవ్వాడు. జరిగినదేదీ తెలియని మనిషి నవ్వు. "మా ఇంట్లో ఈపాటికి నా మాట ఎత్తేసుంటాది, నాను ఎల్లకపోతే ఊరుకోదు, అన్నాడమ్మా. నవ్వుతా దిగేడు. మేం గట్టెక్కి తిరిగి సూసేం. సగం దూరంలో ఉన్నాడు. సెయ్యూపేడు. పాప ఏడుపు మొదలెట్టింది, మేం ఎల్లిపోనాం."

పిల్ల కాస్త గట్టిపడ్డాక వాళ్ళు చెన్నై వైపు బిల్డింగు పనికి వెళ్ళిపోయారట. మొన్ననే తిరిగి వచ్చారు. కింద జరిగిన గొడవ, పోలీసులు, వెతకడం, ఏదీ వాళ్ళ ఊరిదాకా ఎక్కలేదు. ఎక్కినా ఆ మనిషే ఈ మనిషని వాళ్ళకి తెలిసే దారి లేదు. కోటు ఇచ్చేసి, బాబుకి పిల్లని చూపించి, కోతల పని అడుగుదామని వచ్చారు.

అతని భార్యకి ముందు అర్థమయింది. మా మొహాలు చూసి, గేటు పట్టుకుని, అక్కడే తడి నేల మీద కూర్చుండిపోయింది. అతను ఆమె వైపు చూసి, మా వైపు చూసి, "బాబు లేరేటమ్మా?" అన్నాడు.

అప్ప వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళింది. పొయ్యి వెలిగించిన చప్పుడు వినిపించింది. వాళ్ళకి అన్నం వండి పెట్టింది. అతను తినలేనన్నాడు, తినమంది. నీళ్ళు ఎంతవరకున్నాయని మళ్ళీ అడిగింది. ఏ చేత్తో ఊపేడని అడిగింది. పిల్ల వైపు మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. ఆ తల్లి పిల్లని ముందుకి తీసుకురాబోతే, "వద్దమ్మా, లోపలెట్టుకో" అంది. వాళ్ళు ఆ రాత్రికి ఊళ్ళో సత్రంలో పడుకుని వెళ్ళిపోయారు.

వాళ్ళు వెళ్ళాక అప్ప రెయిన్‌కోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఆ రోజు సందేళ మామ్మొచ్చి, మీ ఆయన రాలేదేటి అనడిగింది. ఇదిగో మాటెత్తేవు కదా, ఇప్పుడే వచ్చేత్తాడు సూడు అన్నాను. నాలుగుసార్లు అన్నానేమో. నవ్వుకుంటా అన్నాను."

"అప్పా, నీళ్ళు ఎక్కువయ్యాయి. అంతే. నీ మాటకేం సంబంధం?"

"నా మాటకే దిగేడే. ఆగమంటే ఆగకుండా దిగేడు."

నేను చాలా చెప్పాను. ఎవరు ఎత్తినా ఎత్తకపోయినా ఆయన ఇంటికి వచ్చే మనిషేనని, ఎవరి మాటా వాగుకి వినిపించదని. ఆమె అన్నీ విన్నది.

తర్వాత ఆమే పెద్దవాళ్ళకి కబురు పెట్టింది. గెడ్డ ఒడ్డునే కర్మ జరిగింది. ఆ రోజు నీళ్ళు పాదాలు మునిగేంత కూడా లేవు. తూముల దగ్గర మేకలు తాగుతున్నాయి. అప్ప ఆ సిమెంటు దారి మీద అవతలిదాకా నడిచి, సగం దూరం వెనక్కి వచ్చి, అక్కడ నిలబడింది. ఎవరూ ఆమెని పిలవలేదు. పిలవడానికి మా అందరికీ భయం వేసింది. తనంతట తను వచ్చేదాకా ఎదురుచూశాం.

సాయంత్రం కబుర్లు ఆగిపోయాయి. దీపాల వేళకి ఆమె ఇప్పుడు లోపల కూర్చుని తలుపు దగ్గరికి వేసుకుంటుంది. ఆ కబుర్లు ఆగితే బాగుండునని ఎన్నోసార్లు అనుకున్నాను. తీరా ఆగాక ఆ నిశ్శబ్దం నేను భరించలేకపోయాను. ఒకసారి నేనే తెగించి, "బావ ఉంటే ఈ పులుసు..." అని మొదలుపెట్టాను.

"వద్దే" అంది. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు. "అప్పుడైతే ఎవులొత్తారో నాకు తెల్దు. ఇప్పుడు తెలుసు."

ఇద్దరం తలుపు గొళ్ళెం వైపు చూడకుండా అన్నం తిన్నాం.

నా క్లాసుల్లో ఆ పాఠం ఏటా వస్తుంది. పుస్తకంలో ఉన్నది చెప్పక తప్పదు. అర్థం చెబుతాను, వాడుక చెబుతాను, మేనేజరు జోకు కూడా వేస్తాను. పిల్లలు నవ్వుతారు. ఎవరైనా ఉదాహరణ అడిగితే మాత్రం వాళ్ళనే చెప్పమంటాను.

కోతలకి ఆ కొండ మనిషి, భార్యా వచ్చారు. అప్ప పొలం వాళ్ళే కోశారు. పిల్లని చెరుకు మోపుల నీడలో చీర ఉయ్యాలలో పడుకోబెట్టేవారు. అప్ప మధ్యాహ్నం అంబలి తీసుకెళ్ళి ఇచ్చి, ఉయ్యాల వైపు తిరగకుండా వచ్చేసేది. కోతలు అయిపోయే రోజుల్లో ఒకసారి, పిల్లకి ఎండ తగులుతోందని ఎవరితోనో అనడం విన్నాను. చూడకుండా ఎలా తెలిసిందో మరి.

కిందటి నెల వాళ్ళ ఊళ్ళో కొత్త పంట మొదటిసారి వండుకునే కొత్తల పండగకి రమ్మని కబురు చేశారు. అప్ప వెళ్తానంది, నన్ను రమ్మంది. మాడుగుల దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో, తర్వాత నడక. పసుపు పండే మెట్టల పక్క నుంచి ఎక్కాం. ఆయాసం వచ్చినా అప్ప ఎక్కడా ఆగలేదు. సంచిలో తను కుట్టిన గౌను ఉంది. కొలత తీసుకోకుండా కుట్టింది. పిల్లకి అది బాగా వదులయింది. భుజాల మీంచి జారిపోతోంది.

"ఆగు, ఆగు" అని అప్ప వాళ్ళ పంచలో కూర్చుని, సూదీ దారం తీసి, పిల్లని దగ్గరికి లాక్కుంది. ఆ పిల్ల ఒంటి మీద ఆమె చెయ్యి పడడం అదే మొదటిసారి. పిల్ల కదలకుండా నిలబడింది. అప్ప పక్కలు మడిచి టాకాలు వేస్తోంది. పిల్ల తల్లి పొయ్యి దగ్గర ఉంది. ఎవరూ ఆయన మాట ఎత్తలేదు.

ఉన్నట్టుండి అప్ప సూది ఆపి, కిందికి దిగే కాలిబాట వైపు తిరిగింది. నేనూ తిరిగాను. పిల్ల కూడా తిరిగి చూసింది. బాట మీద ఎవరూ లేరు. కింద పసుపు చేను ఆకులు ఒక్కచోటే, ఎవరో పక్కనుంచి నడిచినట్టు కదిలి, ఆగిపోయాయి. గాలి అయి ఉంటుంది.

"ఇటు తిరగమ్మా" అంది అప్ప పిల్లతో. దారం పళ్ళతో తెంపి, రెండో పక్క కుట్టడం మొదలుపెట్టింది.